సగం బియ్యపు గింజంత జీవి కోసం పన్నెండు రోజులు

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. సూట్‌కేస్ ఇంకా హాల్లోనే ఉంది, స్వెటర్లకు పట్టిన ఎండు చేప వాసన పోలేదు. మరిచిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

విశాఖలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పడం మొదలుపెట్టి ఇరవై నాలుగేళ్ళు. ఏటా బోర్డు మీద కోపిపాడ్ బొమ్మ గీస్తాను. నీళ్ళలో తేలుతూ బతికే, రొయ్యకి దూరపు చుట్టమైన నలుసంత జీవి అది. మన బంగాళాఖాతంలో వల వేస్తే బోలెడు రకాల కోపిపాడ్‌లు పడతాయి. అన్నీ చిన్నవి, ఏడాది పొడవునా గుడ్లు పెడుతూనే ఉంటాయి. చల్లని సముద్రాల లెక్క వేరు. అక్కడ రకాలు తక్కువ, సంఖ్య లెక్కలేనంత, ఒంటి నిండా నూనె. అందులో పేరున్నది కాలనస్ ఫిన్మార్కికస్. దాన్ని ఫార్మలిన్ సీసాలో చూశానే తప్ప ప్రాణంతో చూడలేదు. మా అక్క కూతురు నార్వేలోని ట్రోమ్సోలో దాని మీదే పీహెచ్‌డీ చేస్తోంది. "పిన్నీ, వస్తే మేలో రా, అప్పుడు పైన ఉంటాయి" అని రెండేళ్ళుగా పిలుస్తోంది. ఈసారి వెళ్ళాను.

మే 12, ట్రోమ్సో

రాత్రి పదకొండింటికి తెర తీసి చూస్తే మనకి సాయంత్రం ఐదున్నరకుండే వెలుగు. కొండల మీద మంచు, కింద నల్లటి నీళ్ళు. అమ్మాయి అద్దెకుంటున్నది ఒక పాత చెక్క ఇంటి కింది వాటాలో. పై వాటాలో ఇంటావిడ, డెబ్బై దాటిన మనిషి. గుమ్మంలోనే అందరూ బూట్లు విప్పేయడం చూసి నాకు మన ఇంట్లో ఉన్నట్టే అనిపించింది.

ఆవిడ కాఫీ, వేఫర్ కంటే మెత్తగా ఉండే వాఫెల్ పెట్టింది. దాని మీద గోధుమరంగు చీజ్ పలచగా చెక్కి వేసింది. పాలకోవా అడుగంటితే గిన్నెకి అంటుకున్న ముక్కని గీకి తింటాం చూడండి, సరిగ్గా ఆ రుచి. రెండోది అడిగి మరీ తిన్నాను.

వంటింటి అలమరలో కాడ్ చేప లివర్ నూనె సీసా కనిపించింది. పేరులో 'ర్' ఉన్న నెలలన్నిట్లో రోజూ చెంచాడు తాగాలట, అంటే సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా. మేని వాళ్ళు 'మాయ్' అంటారు కాబట్టి సీసా పైఅరలోకి వెళ్ళిపోయింది. ఆవిడ చిన్నప్పుడు బళ్ళో కూడా పోసేవారట.

"ఆ నూనెలో గుండెకి మంచిదని చెప్పే కొవ్వులున్నాయే, అవి కాడ్ సొంతంగా తయారుచేసుకున్నవి కావు పిన్నీ," అంది అమ్మాయి. "నీళ్ళలో తేలే ఒంటికణం పాచి, డయాటమ్‌లు చేసినవి. వాటిని కాలనస్ తింటుంది, కాలనస్‌ని చిన్న చేప తింటుంది, చిన్న చేపని కాడ్ తింటుంది." పాఠంలో నేను ఆహార గొలుసు అని చెప్పేదే ఇది. ఒక చెంచాలో చూపిస్తూ చెబితే వేరుగా వినిపించింది.

మే 13, ట్రోమ్సో

అమ్మాయి పొద్దున్నే వెళ్ళిపోయింది, నేను తర్వాత బస్సులో రావాలి. ఊరున్నది ఒక ద్వీపం మీద, యూనివర్సిటీ దానికి తూర్పు వైపు ఉంది. నేను రోడ్డుకి అవతలి పక్క స్టాపులో ఎక్కేశాను. పావుగంటకి పొడవాటి వంతెన దాటుతుంటే అనుమానమొచ్చింది. దిగి చూస్తే క్వాలొయా అనే పక్క ద్వీపం. టికెట్టుకి 40 క్రోనర్ల పైనే పోయింది, మన డబ్బుల్లో మూడు వందలు దాటుతుంది.

ఇక్కడి బస్సుల్లో ఖాళీ సీటు ఉన్నంతవరకు ఎవరూ ఎవరి పక్కనా కూర్చోరు, మాట్లాడరు. ముభావంగా ఉంటారేమో అనుకున్నాను. స్టాపులో నిలబడ్డ ఒక కుర్రాణ్ణి అడిగితే, ఫోన్‌లో దారి చూపించి, సరైన స్టాపు దాకా నాతో నడిచొచ్చి, బస్సు వచ్చేవరకు నిలబడ్డాడు. ఆ పావుగంటా ఒక్క మాట మాట్లాడలేదు. బస్సు ఎక్కాక చెయ్యి ఊపాడు.

ల్యాబ్‌లో చలిగది నాలుగు డిగ్రీలు. జాకెట్ మీద ఇంకో జాకెట్ వేసుకుని మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. ముందు నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. ఫోకస్ మెల్లగా తిప్పాను.

మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, సగం బియ్యపు గింజంత. ఒళ్ళు ఉడికిన సగ్గుబియ్యంలా అవతలికి కనిపిస్తోంది. రెండు పొడుగు మీసాలు రెండు పక్కలకి చాపి, కావడిబద్ద భుజాన పెట్టుకున్న మనిషిలా నీళ్ళలో నిశ్చలంగా వేలాడుతోంది. మీసాల కొసల్లో, తోక దగ్గర ఎర్రటి రంగు. లోపల, ఒంటి పొడవునా సగానికి పైగా, ఒక గాజు గొట్టంలాంటి సంచీ. అదే నూనె సంచీ. దీపం వెలుగు పడి కాచిన నెయ్యిలా మెరిసింది. అమ్మాయి సూదితో గిన్నెని చిన్నగా తాకింది. అది అక్కడ లేదు. ఎటు గెంతిందో కంటికి అందలేదు.

"ఇది ఐదో దశ, పెద్దది కావడానికి ఒక మెట్టు ముందు. జనవరిలో అడుగు నుంచి తెచ్చి చీకట్లో ఉంచాం, ఇంకా నిద్రలోంచి పూర్తిగా లేవలేదు," అని ఇంకో గిన్నె పెట్టింది. అందులో పెద్ద ఆడది. నూనె సంచీ సన్నటి గీతలా మిగిలింది. దాని బదులు ఒంట్లో ముదురు రంగు గుడ్ల వరసలు. నూనె ఏమైందో అడగక్కర్లేదు. చలికాలం గడవడానికి కొంత, అడుగు నుంచి పైకి ఎక్కిరావడానికి కొంత, పెద్దది కావడానికి మిగతాది.

దీని సంవత్సరం ఇలా నడుస్తుంది. గుడ్డులోంచి వచ్చాక నాప్లియస్ అనే ఆరు పసి దశలు, తర్వాత కోపిపొడైట్ అనే ఆరు ఎదిగే దశలు. ఆఖరిదే పెద్ద జీవి. ఎండాకాలం మధ్య నుంచి ఐదో దశ పిల్లలు నూనె నింపుకుని కిందికి దిగిపోతాయి. నార్వే సముద్రంలో 600 మీటర్ల కింద, కొన్నిచోట్ల వెయ్యి మీటర్లు దాటి, చీకట్లో, గడ్డకట్టేంత చలిలో ఆర్నెల్లు గడుపుతాయి. తినవు. ఊపిరి కూడా తగ్గించేసుకుంటాయి. ఫిబ్రవరి, మార్చి నాటికి లేచి, ఆఖరి కుబుసం విడిచి, పైకొచ్చి గుడ్లు పెడతాయి. అదే వేళకి పైన ఎండ పెరిగి డయాటమ్‌లు పచ్చగా విరగబూస్తాయి. వెయ్యి మీటర్ల కింద చీకట్లో ఉన్నదానికి పైన వసంతం వచ్చిందని ఎలా తెలుస్తుంది? ఒంట్లో మిగిలిన నూనె లెక్కా, లోపలి గడియారమా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు.

వేళ తప్పితే పిల్లలు బతకవు. మొదటి రెండు నాప్లియస్ దశలు ఏమీ తినవు, మూడో దశలో నోరు తెరుస్తాయి. అప్పటికి మేత ఉండాలి. దానికి తోడు పెద్ద ఆడవే గుడ్లనీ పిల్లల్నీ తినేస్తుంటాయి. పెట్టిన గుడ్లలో చాలాభాగం పిల్ల దశ దాటవు. ఏ ఏడు సముద్రంలో ఎన్ని మిగులుతాయన్నది ఆ కొన్ని వారాల్లోనే తేలిపోతుంది.

ఇంకో మాట నన్ను బాగా కదిలించింది. ఫిన్మార్కికస్‌కి ఉత్తరాన గ్లేసియాలిస్ అని ఒక అక్క ఉంది. పొడవు కొలిచి రెండింటినీ వేరుచేయవచ్చని నేను ఇన్నాళ్ళూ చెప్పాను. మీసాల ఎరుపు చూసి కూడా చెప్పవచ్చని కొందరు అన్నారు. డీఎన్ఏ పరీక్షలు చేస్తే రెండు గుర్తులూ నిలబడలేదు. నార్వే దక్షిణాన, ఎవరూ అనుకోని ఫియోర్డుల్లో (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో) కూడా గ్లేసియాలిస్ దొరికింది. దశాబ్దాల లెక్కల్లో ఒకదాని బదులు ఇంకొకటి రాసిన చోట్లు ఎన్నో. ఈ ఏడు నా నోట్సు మార్చాలి.

మే 15, ఫియోర్డులో

వాళ్ళ సర్వే ఓడలో బయటివాళ్ళకి చోటుండదు. ఇంటావిడ తన చిన్న మోటారు పడవలో తీసుకెళ్తానంది. జాలరి కుటుంబం, పడవ తాడు విప్పడంలోనే తెలిసిపోతుంది. నాకు తేలే సూట్ తొడిగి, జిప్పు గడ్డం దాకా తనే లాగింది.

అమ్మాయి చేతివల తెచ్చింది. మన గాలిసంచీ ఆకారం, అడుగున చిన్న సీసా, అర మిల్లీమీటరు కంటే సన్నటి కన్నాలు. ముప్పై మీటర్లు దింపి లాగాం. వల నిండా గోధుమరంగు జిగురు. వెల్ల వేయడానికి కలిపిన బంకలా చేతికి సాగింది, పాచి వాసన. ఫియోసిస్టిస్ అనే పాచి జాతి ఇది, ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఫియోర్డుల్లో ముసురుతుంది. ముద్దలు కట్టి జిగురులో ఉంటుంది కాబట్టి కోపిపాడ్‌కి డయాటమ్ తిన్నంత సులువు కాదు. వసంతంలో డయాటమ్‌లు ఎక్కువగా పూసిన ఏడు, ఇది ఎక్కువగా పూసిన ఏడు ఒకటి కావని అమ్మాయి వల కడుగుతూ చెప్పింది. చేతులు ఎర్రగా కమిలిపోయాయి.

రెండోసారి లోతు నీళ్ళ వైపు వెళ్ళి వేశాం. ఈసారి సీసాలో గులాబీ రంగు నలుసులు, వందలు, ఆగి ఆగి గెంతుతున్నాయి. ఇంటావిడ సీసాని ఎండకి ఎత్తి పట్టి "రౌడోటె" అంది. ఎర్ర మేత అని అర్థం. శాస్త్రం దీనికి పేరు పెట్టింది 1770లో. ట్రోండ్‌హైమ్ బిషప్పు యోహాన్ ఎర్న్స్ట్ గున్నెరుస్ వర్ణించి, ఉత్తరాది ఫిన్మార్క్ సీమ పేరు తగిలించాడు. జాలర్ల పేరు అది ఏ పనికి వస్తుందో చెబుతోంది. నాకు జాలర్ల పేరే బాగుంది.

పడవలో ఫ్లాస్కు కాఫీ, ఎండిన చేప ముక్కలు. ఉప్పు లేదు, కారం లేదు, నమిలే కొద్దీ తీపి వస్తుంది. నేను తీసుకెళ్ళిన కందిపొడి అద్దుకుని తిన్నాను. ఇంటావిడ కూడా అద్దుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ అద్దుకుంది.

మే 17, స్వోల్వేర్, లోఫోటెన్ దీవులు

నిన్న సాయంత్రం ఓడ దిగాం. ఈ రోజు నార్వే జాతీయ దినం. రెండు స్వెటర్ల మీద ఉప్పాడ పట్టుచీర కట్టుకున్నాను. ఊరంతా నీలం, ఆకుపచ్చ సంప్రదాయ దుస్తులు, వెండి నగలు. మిలటరీ కవాతు లేదు, బళ్ళ పిల్లలు జెండాలు ఊపుతూ నడుస్తారు, అంతే. ఐదు డిగ్రీల చలిలో ప్రతి పిల్ల చేతిలో ఐస్‌క్రీమ్. తెలియనివాళ్ళు కూడా ఆగి చెయ్యి కలిపి "గ్రాతులేరెర్", అంటే అభినందనలు, అన్నారు. ఒక పెద్దావిడ చీర అంచు పట్టుకుని నేతని వేలితో తడిమి చూసింది. నేను ఆవిడ వెండి బ్రూచ్ చూశాను. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

మధ్యాహ్నం చేపల పులుసు అనుకుని ఆర్డరిచ్చింది తెల్లటి క్రీమ్ సూపు. 200 క్రోనర్లు దాటింది. చింతపండు లేని చేపల వంట నాకు ఎప్పటికీ అసంపూర్తే, అయినా ఆ కాడ్ ముక్క పొరలు పొరలుగా విడిపోయిన తీరు మరిచిపోలేను.

స్వినొయా వంతెన దాటితే చేపలు ఆరేసే చెక్క పందిళ్ళు. రెండేసి చేపల్ని తోకల దగ్గర కట్టి వేలాడదీస్తారు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా చలిగాలే ఆరబెడుతుంది. మన జాలారిపేటలో ఉప్పు పట్టించి ఇసుక మీద ఎండేస్తాం, ఎండ చాలు. ఇక్కడ గాలి కొంచెం చల్లబడి గడ్డకట్టినా, కొంచెం వేడెక్కి ఈగ వాలినా సరుకు పోయినట్టే. చేప ఇటలీకి, తలలు నైజీరియాకి వెళ్తాయి. చలికాలంలో కాడ్ నాలుకలు కోసే పని పిల్లలది, ఆ డబ్బు వాళ్ళదే.

ఈ కాడ్ ఉత్తరాన బారెంట్స్ సముద్రం నుంచి వందల కిలోమీటర్లు ఈది ఇక్కడికే గుడ్లు పెట్టడానికి వస్తుంది. 1860లలో నార్వే శాస్త్రవేత్త జి.ఓ. సార్స్ ఇక్కడే, కాడ్ గుడ్లు అడుగుకి పోకుండా నీళ్ళ మీద తేలుతాయని కనిపెట్టాడు. గుడ్లు రెండు మూడు వారాల్లో పగులుతాయి. పిల్లకి మొదటి తిండి కాలనస్ నాప్లియస్. అవి అందుబాటులో లేకపోతే చేపపిల్ల ఆకలికి చస్తుంది. ఒక ఏడు కాడ్ విరివిగా, ఇంకో ఏడు కరువుగా ఎందుకు పడుతుందో 1914లో ఇంకో నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ ఈ మొదటి తిండి దగ్గర వెతకమన్నాడు. తర్వాత ఇంగ్లండులో డేవిడ్ కుషింగ్ దాన్ని వేళల పొంతనగా చెప్పాడు. చేపపిల్ల నోరు తెరిచే వేళా, నాప్లియస్ పుట్టే వేళా కలిసిన ఏడు వలలు నిండుతాయి.

పందిళ్ళ దగ్గర ఒక ముసలి జాలరి కర్రలు సరిచేస్తున్నాడు. అమ్మాయి మాట కలిపింది. 1960ల చివర్లో హెర్రింగ్ చేప ఉన్నట్టుండి మాయమైన ఏళ్ళు ఆయనకి గుర్తున్నాయి. వేట మితిమీరడం వల్ల జరిగిన పని అది. ఇప్పుడు ఎర్ర మేతనే పట్టి నూనె మాత్రలు చేస్తున్నారు. ప్రభుత్వం 2019లో ఏడాదికి 254,000 టన్నుల దాకా పట్టొచ్చని కోటా పెట్టింది. పడుతున్నది అందులో చాలా కొద్ది. సముద్రంలో ఉన్నదానితో పోలిస్తే కోటా కూడా కొద్దే అంటారు. కానీ అంత సన్నటి వలలో చేప గుడ్లూ పిల్లలూ కూడా పడతాయి. ఆ ముసలాయన అన్నది ఒకటే: "పందిరికి వేలాడేది కింద ఉన్నది తినే పెరిగింది." నేను ఆయన పక్షం. ఎన్ని టన్నులన్న లెక్క ఒక్కటే చాలదు, ఏ తీరాన, ఏ నెలలో పడుతున్నారో అది చూడాలి.

మే 21, లాంగియర్‌బ్యెన్, స్వాల్బార్డ్

ట్రోమ్సో తిరిగొచ్చి ఇక్కడికి విమానం ఎక్కాం. మనవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆర్కిటిక్‌లోని ఈ స్వాల్బార్డ్ దీవులు నార్వేవే అయినా షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల) పరిధిలో లేవు. సింగిల్ ఎంట్రీ వీసాతో ఇక్కడికొస్తే తిరిగి నార్వేలో అడుగుపెట్టలేరు. డబుల్ ఎంట్రీ తీసుకోమని అమ్మాయి ముందే చెప్పింది. అయినా పాస్‌పోర్టు చూసే అధికారి పేజీలు అటూ ఇటూ తిప్పుతుంటే ఆ రెండు నిమిషాలూ టెన్షన్‌తో అరచేతులు చెమటపట్టాయి.

బొగ్గుగనుల కోసం పుట్టిన ఊరు ఇది. గని మసి లోపలికి రాకుండా బూట్లు బయట విప్పే అలవాటు ఇప్పటికీ హోటల్లో, మ్యూజియంలో కూడా ఉంది. ఊరి చివర ఎలుగుబంటి బొమ్మ బోర్డు. అది దాటితే తుపాకీ ఉన్న గైడ్ లేకుండా వెళ్ళొద్దంటారు. కాఫీ, దాల్చినచెక్క బన్ను కలిపి మన డబ్బుల్లో ఏడు వందలు. రాత్రి గదిలో అన్నం వండుకుని గోంగూర పచ్చడితో తిన్నాం. కిటికీ కింద ఒక రెయిన్‌డీర్ గడ్డి గీకుతోంది.

అమ్మాయి స్నేహితురాలు ఇక్కడి యూనివర్సిటీ సెంటర్లో పనిచేస్తుంది. ఆర్కిటిక్ చలికాలం, నెలల తరబడి సూర్యుడు లేడు కదా, అప్పుడు జంతు ప్లవకాలు, అంటే కోపిపాడ్‌ల్లాంటి నీళ్ళలో తేలే చిన్న జీవులు, ఏం చేస్తాయో చెప్పింది. మామూలుగా అవి రాత్రి పైకొచ్చి తిని, పగలు వేటాడే చేపల కంటపడకుండా దిగిపోతాయి. ఇక్కడ సూర్యుడు లేని రోజుల్లో చంద్రుణ్ణి చూసి దిగుతాయట. పున్నమి రోజుల్లో యాభై మీటర్ల లోతుకి పోతాయి. శబ్ద తరంగాలతో కొలిచే పరికరాల్లో ఇది 2016లో తేలింది. మన దేశానికి కూడా ఇక్కడికి ఉత్తరాన నీ-ఓలెసున్‌లో 2008 నుంచి హిమాద్రి స్టేషన్ ఉంది. 2014 నుంచి అక్కడి ఫియోర్డు నీళ్ళలో మనవాళ్ళు కట్టిన పరికరాల తాడు వేలాడుతోంది.

మే 23, కొండవాలు

ఊరి వెనక రాళ్ళ వాలు మీద చిన్న ఆక్ పక్షులు. నూట అరవై గ్రాములుంటాయి, నలుపు తెలుపు, పిడికెడు పక్షులు. వందలు ఒక్కసారిగా లేచి, కొండ చుట్టూ తిరిగి, మళ్ళీ రాళ్ళ మీద వాలుతున్నాయి. పకపకా నవ్వినట్టు అరుపు. వీటికి చేపలు అక్కర్లేదు, కాలనస్సే అన్నం. ఒక పక్షికి రోజుకి సుమారు 60,000 కావాలని లెక్క. ఒక్కొక్కటిగా పట్టుకోవాలి.

అందుకే వాటికి గ్లేసియాలిస్ కావాలి. చల్లటి నీళ్ళ గ్లేసియాలిస్ ఐదో దశలో ఉండే నూనె ఫిన్మార్కికస్‌కి దాదాపు పది రెట్లు. అట్లాంటిక్ వేడి ప్రవాహం ఇక్కడి ఫియోర్డుల్లోకి ఎక్కువగా వస్తున్న కొద్దీ చిన్నది, నూనె తక్కువది పెరుగుతుంది. పక్షి ఇంకా దూరం ఎగరాలి, ఇంకా ఎక్కువసార్లు మునగాలి. దక్షిణాన నార్త్ సీలో ఇది ముందే జరిగింది. అక్కడ ఫిన్మార్కికస్ తగ్గిపోయి వేడి నీళ్ళ కాలనస్ రకం హెల్గోలాండికస్ పెరిగింది. 1931 నుంచి సరుకు ఓడల వెనక పట్టుగుడ్డ పెట్టెలు లాగుతూ లెక్కపెట్టారు కాబట్టి తెలిసింది. అలిస్టర్ హార్డీ మొదలుపెట్టిన ఆ లెక్క ఇప్పటికీ ఆగలేదు. వాల్తేరులో మా డిపార్ట్‌మెంట్‌లో పి.ఎన్. గణపతి గారి కాలంలో మన తీరపు ప్లవకాల మీద మంచి పని జరిగింది. అలా తొంభై ఏళ్ళ నాడు మొదలై ఇప్పటికీ నడిచే లెక్క మనకి ఒక్కటి ఉన్నా బాగుండేదని అక్కడ నిలబడి చాలాసేపు అనుకున్నాను.

వాలు కింద మంచు మిగిలి ఉంది. దాని మీద అక్కడక్కడా గులాబీ, ఎరుపు మరకలు. ముందు రక్తమేమో అనుకున్నాను. అమ్మాయి వంగి చూసి, "రెట్టలు పిన్నీ," అంది. కాలనస్ ఒంటి ఎరుపు పక్షి కడుపు దాటి మంచు మీద పడింది. గ్లవ్ తీసి వేలితో తాకాను. చల్లగా, కొంచెం జిగటగా ఉంది. చలిగదిలో మీసాల కొసల్లో చూసిన రంగే.

పైన పక్షులు మళ్ళీ లేచి సముద్రం వైపు వెళ్ళాయి.